ఎవరూ లేని చోట గుడారం వేసుకోవచ్చా?

ప్రశ్న: మేము ఎనిమిది మంది మిత్రులం. నాలుగు గుడారాలతో వారం రోజులు ఆరుబయట గడపాలని అనుకుంటున్నాం. స్కాట్లాండ్, నార్వే, అమెరికాలలో ఒకటి ఎంచుకోవాలి. ఇరుకిరుకు క్యాంపు మైదానాలు మాకు సరిపడవు. జనసంచారం లేని చోటు చూసుకుని దిగితే చట్టం ఒప్పుకుంటుందా? డబ్బు కట్టి స్థలం తీసుకున్నా, ప్రకటనలో చెప్పిన ఏకాంతం లేకపోతే ఏం చేయాలి?

జవాబు: మనిషి కనిపించనంత మాత్రాన నేలకు యజమాని లేడని అనుకోకండి. వ్యక్తో, సంస్థో, ప్రభుత్వమో ఎవరో ఒకరు ఉంటారు. ముందు అది తేల్చుకోవాలి. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఎనిమిది అనే అంకె. గుంపు పెరిగేకొద్దీ పరుల నేల మీద గుడారం వేసుకునే హక్కులు పలచబడతాయి.

స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం పరుల నేల మీద కూడా నడిచే హక్కు, గుడారం వేసుకునే హక్కు అందరికీ ఇచ్చింది. బాధ్యతగా వాడుకున్నంత కాలమే ఆ హక్కు నిలుస్తుంది. బాధ్యత అంటే ఏమిటో వివరించే నియమావళి ప్రకారం తేలికపాటి గుడారాలు ఉండాలి, మనుషులు కొద్దిమందే ఉండాలి, ఒక చోట రెండు మూడు రాత్రులకు మించకూడదు. కొద్దిమంది అంటే ఎందరో అంకె వేయలేదు. నలుగురైతే ఎవరూ అడగరు, ఎనిమిది మందైతే వాదన మొదలవుతుంది. వాదనలంటే నాకు ఇష్టమే కానీ, వానలో, చీకట్లో, భూయజమానితో మీరు చేయవలసి వస్తే ఆ ముచ్చట తీరిపోతుంది. ముందే అనుమతి అడగండి. లేదా నలుగురు చొప్పున విడిపోయి వేర్వేరు చోట్ల దిగండి. మీరు కోరుకునే ఎడం కూడా అలాగే దొరుకుతుంది. పంట వేసిన పొలాలకూ, ఇళ్ల చుట్టూ వాళ్ల ఏకాంతానికి అవసరమైన నేలకూ ఈ హక్కు వర్తించదు. కారులోనో వ్యానులోనో పడుకుంటామంటే అదీ దీని కిందికి రాదు. లాక్ లోమండ్ జాతీయ ఉద్యానవనంలో కొన్ని సరస్సు తీరాల్లో మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 వరకు పర్మిట్ తప్పనిసరి.

నార్వే చట్టం 1957 నాటిది. అది లెక్క కొలిచి చెబుతుంది: సాగులో లేని నేల అయి ఉండాలి, మనుషులున్న ఇంటికి కనీసం 150 మీటర్ల దూరం పాటించాలి, అనుమతి లేకుండా ఒకే చోట రెండు రోజులు మించి ఉండకూడదు. ఎత్తైన కొండల్లో, జనావాసాలకు బాగా దూరంగా ఉన్న చోట్ల ఈ రెండు రోజుల పరిమితి సడలుతుంది. మీకు కావలసిందీ అలాంటి చోటే కదా! అడవిలోనూ, దాని దగ్గరలోనూ ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మంట వేయడం సాధారణంగా నిషేధం.

అమెరికా జాతీయ అడవుల్లో ఏర్పాటు చేసిన మైదానాలకు బయట దిగడం చాలా చోట్ల చట్టబద్ధమే. గడువు సాధారణంగా 14 రోజులు. వ్యాపారేతర బృందానికి ప్రత్యేక అనుమతి అవసరమయ్యేది 75 మంది చేరినప్పుడు కాబట్టి, ఆ లెక్కన మీకు దిగులు లేదు. కానీ ‘వైల్డర్‌నెస్’గా, అంటే సహజ స్థితిలో కాపాడే నేలగా ప్రకటించిన ప్రాంతాల్లో ఒక్కో బృందానికి స్థానికంగా పరిమితి ఉంటుంది. పరిమితి దాటి నాలుగడుగుల దూరంలో రెండు గుంపులుగా కూర్చుని ‘మేము వేరు, వాళ్లు వేరు’ అంటే అధికారి నమ్మడు. కారు ఎంతవరకు తీసుకెళ్లవచ్చో ఆ అడవి శాఖ వేసే మోటారు వాహనాల పటంలో ఉంటుంది. దాన్ని చూడకుండా రోడ్డు దిగకండి.

ఇక డబ్బు కట్టే స్థలాల సంగతి. ‘ఏకాంతం’, ‘ప్రశాంతం’ వంటి మాటలను న్యాయస్థానాలు సాధారణంగా అమ్మేవాడి పొగడ్తగానే చూస్తాయి. వాటి మీద దావా నిలబెట్టడం కష్టం. ‘పక్క స్థలానికి 30 మీటర్ల దూరం’ అని రాసి ఇచ్చారంటే అది ఒప్పందంలో షరతు. అందుకే బుక్ చేసే ముందే ఈమెయిల్‌లో అడగండి: మధ్యలో ఎన్ని మీటర్లు, చెట్లున్నాయా, ఒక్కో స్థలంలో ఎందరికి అనుమతి? జవాబు దాచుకోండి. వెళ్లాక తేడా కనిపిస్తే ఫొటోలు తీసి, గుడారం వేయకముందే రాతపూర్వకంగా తెలియజేయండి. వారమంతా ఉండి, తిరిగొచ్చాక డబ్బు వాపసు అడిగితే మీ వాదన బలహీనపడుతుంది.

నిర్వాహకుడు నష్టానికీ, జరిమానాకూ ముందు పట్టుకునేది బుకింగ్ ఎవరి పేరున ఉందో ఆ వ్యక్తినే. ఆ పేరు ఎవరిదో, ఖర్చు పడితే మిగతా ఏడుగురు ఎలా పంచుకుంటారో బయలుదేరకముందే ఒక కాగితం మీద రాసుకోండి.