మీరడిగారు: బాంబు ఎక్కడుందో ముందే చెప్పేయండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం పైన థ్రిల్లర్ల గురించే. ఎందుకో నాకు తెలుసు. మొన్న ఎవరో "మంచి థ్రిల్లర్ అంటే ఏంటండీ" అని అడిగితే, చూస్తున్నంతసేపూ చేతిలో ఫోన్ ఉన్న సంగతి గుర్తు రాకపోతే అదే మంచి థ్రిల్లర్ అని ఒక్క ముక్కలో తేల్చేశా, దానికి బాగానే అక్షింతలు పడ్డాయి. సరే, ఈసారి కాస్త ఒళ్లు వంచి రాస్తున్నా. ముందే చెప్తున్నా, దృశ్యం, కహానీ కథలు రెండూ పూర్తిగా బయటపెట్టేస్తాను, ఇంకా చూడనివాళ్లు ఎవరైనా ఉంటే చూసొచ్చి చదవండి, పేజీ ఎక్కడికీ పోదు.

మా అమ్మ వెంకటేష్ దృశ్యం టీవీలో ఎప్పుడొచ్చినా చూస్తుంది. పదిసార్లు పైనే చూసుంటుంది. అయినా చివర్లో పోలీసులు చిన్నపాపని గదిలోకి తీసుకెళ్లే సీన్ వచ్చేసరికి పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి నిలబడిపోతుంది. ఏం జరుగుతుందో తెలిసి కూడా ఆ టెన్షన్ ఏంటండీ? — ఒక పాఠకురాలు, ఏలూరు

ముందు కూర సంగతి చూడమనండి. మీ అమ్మగారు ఒక్కరే కాదు, 2014లో ఆ సినిమా థియేటర్లో చూసినప్పుడు నా వెనక వరసలో ఒక పెద్దావిడ పైకే అనేసింది, "చెప్పకే తల్లీ, చెప్పకు" అని, హాల్లో ఒక్కళ్లు నవ్వలేదు, ఎందుకంటే అందరూ లోపల అదే అనుకుంటున్నారు కాబట్టి.

ఇప్పుడు చూడండి, ఆ సినిమాలో "ఎవరు చంపారు" అన్న ప్రశ్నే లేదు. హత్య మన కళ్ల ముందే జరిగింది, చేసింది పెద్ద కూతురు, ఎందుకు చేసిందో తెలుసు, ఆ పిల్లది తప్పు కాదనీ తెలుసు. శవాన్ని పెరట్లో గోతిలో పెట్టడం కూడా చూశాం. అంటే పోలీసుల కంటే మనకే ఎక్కువ తెలుసు. సస్పెన్స్ సినిమాలకి పేరుపడ్డ డైరెక్టర్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ డైరెక్టర్ ట్రూఫోకి ఇచ్చిన ఇంటర్వ్యూలో సరిగ్గా ఇదే చెప్పాడు. ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు, బల్ల కింద బాంబు ఉంది, అది మనకి తెలీదు, ఢాం అని పేలింది, మనకి దక్కింది ఒక 15 సెకన్ల షాక్. అదే బాంబుని ముందే చూపించేసి, ఇంకో పావుగంటలో పేలుతుందని చెప్పేసి, అప్పుడు ఆ ఇద్దరి చేతా అవే పిచ్చి కబుర్లు చెప్పించండి, 15 నిమిషాలు కుర్చీలో కుదురుగా కూర్చోలేం, "ఒరే ఆ సోది ఆపి ముందు లేవండ్రా" అని అరవాలనిపిస్తుంది. దృశ్యంలో ఆ చిన్నపాపే బాంబు. మొత్తం ఇంట్లో అబద్ధం మోయలేని మనిషి తనొక్కతే, ఆ సంగతి వాళ్ల నాన్న, మన హీరో రాంబాబుకి తెలుసు, మనకి తెలుసు, కాసేపట్లో పోలీసులకీ తెలిసిపోతుంది.

మరి తెలిసిన కథకి పదకొండోసారి ఎందుకు భయం అంటే, నా లెక్కలో ఆ భయం "ఏం జరుగుతుంది" అన్నదాని గురించి కాదు. ఆ పిల్ల మీద చెయ్యి పడుతుంటే తల్లీతండ్రీ ఏమీ చెయ్యలేక చూస్తూ ఉండాల్సిన పరిస్థితి గురించి. దానికి కొత్తా పాతా ఉండదు. మన పిల్లాడు సైకిల్ నేర్చుకుంటుంటే పడడని తెలిసినా వెనక పరిగెడతాం చూడండి, అలా.

ఇంకో విషయం, దీనికి నేను ఇప్పటికీ ఒరిజినల్ రాసిన జీతూ జోసెఫ్‌కి చప్పట్లు కొడతా. 2013లో మోహన్‌లాల్‌తో మలయాళంలో తీసింది ఆయనే కదా. అన్నీ చూపించినట్టే చూపించి ఒక్కటంటే ఒక్క ముక్క దాచాడు. పోలీసులు పెరట్లో తవ్వితే శవం బదులు దూడ కళేబరం బయటపడుతుంది, అప్పటికి గానీ మనకి అర్థం కాదు, హీరో మనకి కూడా పూర్తిగా చెప్పలేదని. శవం ఎక్కడుందో చివరి నిమిషంలో తెలుస్తుంది, కొత్త పోలీస్ స్టేషన్ కిందే. ఆ స్టేషన్ కడుతున్నట్టు ముందు నుంచీ చూపిస్తూనే ఉన్నారు, మనమే పట్టించుకోలేదు. ఫస్టాఫ్ స్లో, స్లో అని గొణిగినవాళ్లకి నా జవాబు కూడా ఇదే. ఆ స్లోలోనే అన్నీ ఉన్నాయి, రాంబాబు పిసినారితనం, కేబుల్ ఆఫీసులో రాత్రంతా సినిమాలు చూడటం, కానిస్టేబుల్‌తో గొడవ. ఆ గంట లేకపోతే ఆ ఇంటికి ఏమైతే మనకేంటి?

నేను ఏ సినిమా అయినా అరగంటలో ట్విస్ట్ చెప్పేస్తా. దాంతో ఏ థ్రిల్లరూ ఎక్కట్లేదు. ట్విస్ట్ లేకుండా థ్రిల్లర్ ఉంటుందా అసలు? — కూకట్‌పల్లి

పైన రాసింది చదివే ఉంటారు కాబట్టి ఉంటుందని మీకే తెలిసిపోయి ఉంటుంది. మీ జబ్బు నాక్కూడా ఉండేది. హీరోకి మరీ మంచి ఫ్రెండ్ ఒకడుంటాడు, వాడికి పెద్దగా పని ఉండదు, కానీ ఆ వేషం వేసింది కాస్త పేరున్న ఆర్టిస్టు, అయిపోయింది, విలన్ వాడే. దీనికి తెలివి అక్కర్లేదు, టైటిల్స్‌లో పేర్లు చదివితే చాలు.

కానీ ట్విస్ట్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి జేబులోంచి పావురం తీసే రకం, అప్పటిదాకా అసలు కథలోనే లేనిది తెచ్చి మన ముందు పెడతారు. రెండోది, మన కళ్ల ముందే రెండు గంటలు తిరిగిన వస్తువు అసలు అది కాదని చెప్పేది. 2012లో సుజయ్ ఘోష్ తీసిన కహానీ ఈ రెండోదానికి మంచి ఉదాహరణ. నిండు గర్భిణి కోల్‌కతా వచ్చి తప్పిపోయిన మొగుణ్ని వెతుక్కుంటోంది, పోలీసులు కుర్చీ వేస్తున్నారు, మంచినీళ్లు ఇస్తున్నారు, రూల్స్ పక్కన పెట్టి సాయం చేస్తున్నారు, మనమూ అయ్యో పాపం అనుకుంటున్నాం. చివరికి తేలేదేంటంటే ఆ కడుపే అబద్ధం. అంటే ఆమె అందరి జాలినీ ఆయుధంగా వాడుకుంది, అందులో మన జాలి కూడా ఉంది. పోలీసులు ఎలా మోసపోయారో మనమూ అలాగే మోసపోయాం, అందుకే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలింది.

ఇదే కథని 2014లో శేఖర్ కమ్ముల గారు నయనతారతో అనామికగా తెలుగులో తీశారు, హైదరాబాద్ పాతబస్తీలో. అందులో హీరోయిన్ గర్భిణి కాదు. ఆయనకి ఆయన కారణాలు ఉండే ఉంటాయి, కథ చెప్పాలనుకున్న దారి వేరు అయ్యుండొచ్చు, పాతబస్తీ వాతావరణం కూడా బాగా పట్టుకున్నారు, కానీ నాకైతే ఆ మార్పు పునాదిలోంచి రాయి పీకినట్టే అనిపించింది. పాత్ర మారితే పర్లేదు, ఊరు మారితే పర్లేదు, దేని మీద అయితే ప్రేక్షకుడు మోసపోవాలో దాన్నే తీసేస్తే ఇంక మిగిలేది ఏముంది? దీని మీద నాతో గొడవ పడేవాళ్లు పడొచ్చు, ఉత్తరాలు రాయండి.

మీకు నా సలహా, ట్విస్ట్ పట్టుకోవడం మానేసి ఈసారి డైరెక్టర్ ఏది ఎప్పుడు చూపిస్తున్నాడో చూడండి. అది ఇంకా సరదాగా ఉంటుంది.

మా కాలేజీ ఫ్రెండ్స్‌తో థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ తీశాను సార్. బీజీఎం గట్టిగా పెట్టాం, లైట్లు ఆపేశాం, అయినా చూసినవాళ్లు నవ్వుతున్నారు. ఏం తప్పు చేశాం? — నిజామాబాద్

తమ్ముడూ, లైట్లు అన్నీ ఆపేస్తే చూసేవాళ్లకి కనపడదు, అందుకే నవ్వుంటారు. జోక్ చేస్తున్నా, ఏమనుకోకు.

మ్యూజిక్ గురించి చెప్తా విను. 1960 సైకోలో బాత్రూమ్ హత్య సీన్‌కి అసలు సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా వయొలిన్లు కీచుమనిపిస్తూ ఒక ముక్క చేసి వినిపించాడు, విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు, ఇప్పుడు ఆ సీన్ తెలీనివాళ్లు కూడా ఆ సౌండ్ గుర్తుపడతారు. అది అంత పనిచేసింది సౌండ్ పెద్దది కావడం వల్ల కాదు, అప్పటిదాకా ఆ సీన్లో వినిపించేది నీళ్ల చప్పుడే కాబట్టి. మీరు మొదటి షాట్ నుంచే డప్పులు మోగిస్తే అసలు భయపడాల్సిన చోటికి వచ్చేసరికి చెవులు అలవాటుపడిపోతాయి. దానికి పూర్తిగా అవతలి ఒడ్డున 2007లో కోయెన్ బ్రదర్స్ తీసిన నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్ ఉంది, అందులో దాదాపు సంగీతమే లేదు, బయట వరండాలో అడుగుల చప్పుడు, తలుపు కింద వెలుతురులో నీడ, అంతే, నాకు ఒళ్లు చల్లబడిపోయింది.

చూపించకపోవడం కూడా ఒక విద్యే. జాస్ తీసేటప్పుడు స్పీల్‌బర్గ్‌కి మెషిన్ సొరచేప ఉప్పునీళ్లలో మాటిమాటికీ పాడైపోయేది, ఇక చేసేదేం లేక నీళ్లమీద కదలిక, మ్యూజిక్ డైరెక్టర్ జాన్ విలియమ్స్ రెండు స్వరాలు, వీటితోనే గంట పైన నెట్టుకొచ్చాడు. 1975లో జనం సముద్రంలో దిగడానికి జంకారంటే ఆ చేప కనిపించి కాదు, కనిపించక. మన దగ్గర వంశీ గారి అన్వేషణ 1985లోనే ఈ పని చేసింది, అడవి, పులి చంపిందంటున్న చావులు, వెనక ఇళయరాజా. పులి ఎంతసేపు కనపడిందో లెక్కపెట్టు ఒకసారి.

డబ్బుల్లేవని బాధపడకు, స్పీల్‌బర్గ్ దగ్గర డబ్బులుండి కూడా చేప పనిచెయ్యలేదు. నీ సినిమాలో ఒక గది, ఒక తలుపు, తలుపు అవతల ఎవరున్నారో ప్రేక్షకుడికి తెలిసి హీరోకి తెలియని ఒక మూడు నిమిషాలు, ఇవి చాలు. ఇంకొకటి, ఆ హీరో మనకి ముందు నచ్చాలి. మొదటి నిమిషంలో వాడి చేత చిన్న పిచ్చిపని ఏదైనా చేయించు, అమ్మకి ఫోన్లో అబద్ధం చెప్పించినా సరే.

ఇక్కడ డల్లాస్‌లో వీకెండ్ అంటే వెబ్ సిరీసే. మొదటి మూడు ఎపిసోడ్లు అదిరిపోతాయి, తర్వాత సాగదీస్తారు. అందరూ ఇంతేనా? — డల్లాస్

అందరూ కాదు గానీ చాలామంది అంతే. రెండున్నర గంటల కథని ఎనిమిది ఎపిసోడ్లకి పరిస్తే పిండి తక్కువైన దోసెలాగే ఉంటుంది, మధ్యలో చిల్లులు.

మన సినిమాకి ఇంటర్వెల్ ఉంది. అది సమోసా కోసం మాత్రమే కాదు, రాసేవాడికి అది మెడ మీద కత్తి, సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఏదో ఒకటి తిరగబడాలి, లేకపోతే జనం బయటికెళ్లి టీ తాగి అటునుంచటే ఇంటికెళ్తారు. సిరీస్‌లో ప్రతి ఎపిసోడ్ చివరా ఇంటర్వెలే కదా అనుకుంటాం, కానీ తర్వాతది దానంతటదే ప్లే అవుతుంటే ఆ ఎపిసోడ్ నిజంగా పట్టుకుందో, మనం బద్ధకించి రిమోట్ తీసుకోలేదో తెలీదు. 2001లో మొదలైన అమెరికన్ 24 సీరియల్‌కి ఒక గట్టి రూల్ ఉండేది, ఒక సీజన్ అంటే ఒక్క రోజు, ఎపిసోడ్‌కి ఒక గంట, మొత్తం 24. గడియారం టిక్కుటిక్కుమంటూ తెర మీదే ఉంటుంది. సాగదీయాలన్నా టైమ్ వాళ్ల చేతిలో లేదు. (అయినా అందులో హీరో అన్నం ఎప్పుడు తిన్నాడా అని నాకు ఇప్పటికీ అనుమానమే.)

ఇంకో దారి ది ఫ్యామిలీ మ్యాన్ వాళ్లది, 2019లో మొదలైంది, తీసిన రాజ్, డీకే ఇద్దరూ మన చిత్తూరు జిల్లా వైపు వాళ్లే. టెర్రరిస్టుల కథ కాస్త నెమ్మదించగానే ఇంట్లో కథ అందుకుంటుంది. హీరో శ్రీకాంత్ ఆఫీసులో దేశాన్ని కాపాడతాడు, ఇంటికొస్తే పిల్లల దగ్గర దొరికిపోతాడు. బాంబు పేలుతుందేమో అన్న భయం ఎంతుందో పెళ్లాం దగ్గర అబద్ధం పేలుతుందేమో అన్న భయం అంతే ఉంటుంది, రెండోది మనకి బాగా తెలిసిన భయం కూడా. మీరు సాగదీస్తున్నారని తిట్టుకునే సిరీస్‌లలో ఈ రెండో పొయ్యి ఉండదు, ఉన్న ఒక్కదాని మీదే అన్నం, పప్పు, చారు అన్నీ వండాలంటే లేటవుతుంది మరి.

మా ఆయన ఏ థ్రిల్లర్ చూసినా ముందు ఫోన్లో క్లైమాక్స్ చదివేసి అప్పుడు మొదలుపెడతారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఇది మామూలేనా? — గుంటూరు

మామూలే, కోప్పడకండి. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగోలో ఇద్దరు పరిశోధకులు జనానికి 12 చిన్న కథలు ఇచ్చి, కొందరికి ముగింపు ముందే చెప్పేసి చదివించారు. ముందే తెలిసినవాళ్లకే కథలు ఇంకొంచెం ఎక్కువ నచ్చాయని తేలింది. తర్వాత వేరేవాళ్లు చేస్తే ఉల్టా కూడా వచ్చింది, కాబట్టి దీన్ని పట్టుకుని మీ ఆయన మీమీదకి రావడానికి లేదు. కొంతమందికి ఎవరు చస్తారో తెలిస్తే గానీ గుండె కుదుటపడదు, అప్పుడు గానీ సినిమా చూడలేరు. ఏలూరు అమ్మగారు పదకొండోసారి చూస్తున్నట్టే మీ ఆయన మొదటిసారే చూస్తున్నారు, అంతే తేడా.

హిచ్‌కాక్ అయితే ఒప్పుకునేవాడు కాదు లెండి. సైకో రిలీజప్పుడు సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దని థియేటర్లకి రూల్ పెట్టించాడు. మీరూ ఒక రూల్ పెట్టండి, చదువుకుంటే చదువుకోండి గానీ "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అని మోచేత్తో పొడవకూడదని. అసలు గొడవ అదే అయ్యుంటుంది కదా?

టీవీ సీరియళ్లలో అత్త ముఖం మీదకి మూడుసార్లు జూమ్ చేసి ఉరుము సౌండ్ వేస్తారు. అది కూడా థ్రిల్లరేనా? — విశాఖపట్నం

పాలలో ఏం కలిపారో మనకి తెలుసు, కోడలికి తెలీదు, గ్లాసు పెదాల దాకా వచ్చింది, ఎపిసోడ్ అయిపోయింది. పైన చెప్పిన లెక్క ప్రకారం నూటికి నూరుపాళ్లు థ్రిల్లరే. కాకపోతే రేపు ఆ గ్లాసు చెయ్యిజారి కిందపడుతుంది, అదీ మనకి ముందే తెలుసు.