పడవ ఆగిన రోజుకూ డబ్బు ఉండాలి

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఖమ్మంలో ప్రభుత్వ ఉపాధ్యాయినిని. జీతం చేతికి 92 వేలు వస్తుంది. ఇంటి రుణం కంతు 28 వేలు, ఇంకా ఆరేళ్లుంది. 20 నెలల 5 లక్షల చీటీ వేస్తున్నాను, ఇది 12వ నెల. పాట ఇప్పుడు 70 వేల దగ్గర పోతోంది. 2 లక్షల ఎఫ్‌డీ జనవరిలో మెచ్యూర్ అవుతుంది. పన్నెండు తులాల బంగారం ఉంది. మా అమ్మాయి గ్లాస్గోలో మాస్టర్స్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరింది, చదువు రుణం తనే కట్టుకుంటోంది. వచ్చే మేలో ఇద్దరం కలిసి స్కాట్లాండ్ పడమటి దీవుల్లో ‘హెబ్రిడియన్ వే’ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడవాలని కోరిక. బస, సామాను చేరవేత కలిపి ప్యాకేజీ మనిషికి 2,600 పౌండ్లు అన్నారు. చీటీ ఇప్పుడే పాడేసుకోనా? బంగారం పెట్టనా? ‘ఆ డబ్బుతో కాశీకి నాలుగుసార్లు వెళ్లి రావచ్చు’ అంటున్నారు మావారు.

జవాబు: టీచర్‌ గారూ, మీవారి లెక్కలో తప్పేం లేదు. నాలుగేం ఖర్మ, ఆరుసార్లు వెళ్లి రావచ్చు. కాకపోతే అమ్మాయికి సెలవు దొరికి, మీ మోకాళ్లు ఒప్పుకుని, ఇద్దరికీ ఒకే కోరిక పుట్టడం ఏటా జరగదు. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంట్లో తేల్చుకోండి. డబ్బు ఎక్కణ్నుంచి, ఎప్పుడు తీయాలో నేను చెబుతాను.

ముందు చీటీ సంగతి. ఈ నెల 70 వేలకు పాడుకుంటే ఆ 70 వేలు వదులుకున్నట్టు, మీ చేతికి 4 లక్షల 30 వేలు. చివరి నెల దాకా ఆగితే పాట అవసరమే ఉండదు, 5 శాతం కమీషన్ 25 వేలు పోను 4 లక్షల 75 వేలు వస్తాయి. ఇప్పుడు ఎత్తుకున్నా, ఆఖరున ఎత్తుకున్నా మిగతా నెలల కంతులు, డివిడెండ్లు ఒకటే. అంటే ఎనిమిది నెలలు ముందు తీసుకున్నందుకు మీరు వదులుకునేది 45 వేలు. వడ్డీ లెక్కన ఏడాదికి 15 శాతం పైమాటే, నెలకు నూటికి రూపాయి ముప్పై పైసలు. బ్యాంకులో బంగారం పెడితే తొమ్మిది, పది శాతానికి దొరుకుతుంది. మనవాళ్లకు బంగారం పెట్టడమంటే నామోషీ, చీటీ పాడటమంటే తెలివి. మీ విషయంలో లెక్క అటుదిటు అయింది. అయితే ఆ బంగారం కూడా ఇప్పుడు అక్కర్లేదు.

మీ చీటీ ముగిసేది ఏప్రిల్‌లో, నడక మేలో. ఇంతకన్నా కలిసొచ్చే ముహూర్తం ఉంటుందా? ఆఖరి నెల వాళ్లకు ఇక మీదట కట్టాల్సిన కంతులేవీ ఉండవు కాబట్టి ష్యూరిటీల గొడవా లేదు. ఒక్క అనుమానం మిగులుతుంది: డబ్బు చేతికి రావడం ఆలస్యమైతే? నా చీటీ ఒకటి అలాగే నలభై రోజులు తిప్పించుకుంది, కాబట్టి అలా జరగదని నేననను. జరిగితే మూడు తులాలు పెట్టి లక్షా ఇరవై వేలు తీసుకోండి. నెల వడ్డీ వెయ్యి రూపాయలు అవుతుంది. ఆ వెయ్యికి భయపడి ఈ రోజు 45 వేలు వదిలేసుకోవద్దు.

ఇక నడక ఖర్చు. ఈ దారిలో కొంత నడిచినవాణ్ని కనుక ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను. దక్షిణాన వాటర్సే దీవిలో మొదలై, బార్రా, ఎరిస్కే, సౌత్ ఊయిస్ట్, బెన్‌బెక్యులా, గ్రిమ్సే, నార్త్ ఊయిస్ట్, బెర్నరే, హ్యారిస్ మీదుగా లూయిస్‌లోని స్టోర్నోవే ఊళ్లో ముగుస్తుంది. పది దీవులు, 156 మైళ్లు, అంటే సుమారు 250 కిలోమీటర్లు. దీవికీ దీవికీ మధ్య ఆరు చోట్ల సముద్రం మీద రాళ్లు పోసి కట్టిన రోడ్లున్నాయి. నీటికుక్కలు దాటుతుంటాయి జాగ్రత్త అని వాటి మొదట్లో బోర్డులు కనిపిస్తాయి. రెండు చోట్ల మాత్రం పడవ ఎక్కాలి: బార్రా నుంచి ఎరిస్కేకు నలభై నిమిషాలు, బెర్నరే నుంచి హ్యారిస్‌లోని లెవర్‌బర్గ్‌కు గంట. ఇవి కాక వెళ్లేటప్పుడు ఓబన్ నుంచి బార్రాకు ఐదు గంటల దాకా, వచ్చేటప్పుడు స్టోర్నోవే నుంచి ఉల్లాపూల్‌కు రెండున్నర గంటల పైన పడవ ప్రయాణం. నడిచి ఎక్కేవాళ్లకు టికెట్లు చవకే. నాలుగింటికీ కలిపి 50 పౌండ్లు పక్కన పెట్టండి, మిగులుతుంది కూడా.

ఖరీదైనది టికెట్టు కాదు, గాలి. నేను వెళ్లిన ఏడాది మొదటి పడవే ఆగిపోయింది. రేవులో పెద్ద అలలేమీ కనిపించలేదు, ఎండ కూడా కాస్తోంది. కానీ దారిలో సముద్రం బాగోలేదని బోర్డు మీద రాసేశారు. పక్కన కూర్చున్న పెద్దాయన పేపరు మడిచి జేబులో పెట్టుకుని, మన బస్టాండులో లేటైన పల్లెవెలుగు గురించి చెప్పినట్టు ‘రేపు చూద్దాం’ అన్నాడు. రేపూ లేదు. రెండు రాత్రులు గదికి 140 పౌండ్ల చొప్పున, తిండి వేరే. అంతకన్నా బాధేమిటంటే, ముందే కట్టిన గదులు ఒకటి తర్వాత ఒకటి తేదీ తప్పిపోయాయి. చివరికి బెర్నరే దాకా నడిచి, తిరుగు విమానం కోసం హ్యారిస్‌ను బస్సు కిటికీలోంచి చూశాను. ఆ దారి మొత్తంలో చూడాల్సింది హ్యారిసే.

అందుకే ప్యాకేజీ వద్దంటున్నాను. ప్రతి రాత్రి గదీ తేదీతో కట్టేసి ఉంటే ఒక్క పడవ ఆగినా దండలో దారం తెగినట్టే. పైగా 2,600 పౌండ్లంటే, పౌండు 120 రూపాయల లెక్కన 3 లక్షల 12 వేలు, విమానం కాకుండా. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) మొదటి రూపాయి నుంచే పట్టుకుంటారు. రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా మీ డబ్బు సర్కారు దగ్గరే. మీరే ఫోరెక్స్ కార్డులో (విదేశీ డబ్బు నింపుకునే కార్డు) వేసుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల దాకా ఆ గొడవ లేదు.

నా లెక్క ఇదీ. రోజుకు 18 కిలోమీటర్ల చొప్పున 14 రోజుల నడక, దాని మీద నాలుగు ఖాళీ రోజులు. పదిహేను రాత్రుల్లో నాలుగు మంచి గదుల్లో (బట్టలు ఆరడానికైనా కావాలి, ఆ బురదలో బూటు తడవని రోజుండదు), ఐదు హాస్టల్లో, ఆరు గుడారంలో. స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం, పంట పొలాలూ ఇళ్ల ఆవరణలూ కాని చోట, మర్యాదగా ఉంటే, గుడారం వేసుకునే హక్కు ఉంది. గుడారం మీకు చవక బస మాత్రమే కాదు, తేదీలు తప్పినా ఆదుకునే బీమా. గదుల్లో మీ సగం వాటా, తిండి, పడవలు, రైలు, బస్సు, చిల్లర అన్నీ కలిపి వెయ్యి పౌండ్లు, అంటే లక్షా ఇరవై వేలు. ఖాళీ రోజులకు రోజుకు 90 చొప్పున 360 పౌండ్లు, 43 వేలు. ఇది ముందే ఎక్కడా కట్టకండి, కార్డులో ఉంచండి. గాలి వీయకపోతే అమ్మాయికి చీర కొనిపెట్టండి.

ఇక మిగతావి. విమానం 80 వేలు అనుకుందాం, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే తీసుకోండి. వేసవి సెలవుల్లో ఏ డ్యూటీ మీద పడుతుందో మీకు నేను చెప్పాలా! వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లు అయింది, పెరుగుతూనే ఉంటుంది. ఆ ఫీజు, హైదరాబాద్ తిరుగుడు, కాగితాలు కలిపి 22 వేలు. బూట్లు, వాన కోటు, స్లీపింగ్ బ్యాగు 35 వేలు. బీమా 5 వేలు. గ్లాస్గోలో నాలుగు రోజుల చిల్లర 15 వేలు. మొత్తం 3 లక్షల 20 వేలు. అమ్మాయి తన సగం తను పెట్టుకోవాలి. మొత్తం నేనే పెడతానంటే వద్దనండి, ముందు ఆ చదువు రుణం తీరనివ్వండి.

జనవరి ఎఫ్‌డీలోంచి విమానం, వీసా, సామాను, బీమా కలిపి లక్షా 42 వేలు పోతే 58 వేలు మిగులుతాయి. ఆ నాలుగు గదులకు అడ్వాన్సు అందులోంచే కట్టండి, మే నెలలో అక్కడ గదులు తొందరగా అయిపోతాయి. చీటీ వచ్చాక అందులో లక్షా ఇరవై వేలు ప్రయాణానికి. మిగిలిన 3 లక్షల 55 వేల మీద మీ కన్నెలా పడుతుందో నాకు తెలుసు. అందులో 2 లక్షలు మళ్లీ ఎఫ్‌డీ చేయండి. మీ ఉత్తరంలో ఆపద సొమ్ము అన్న మాటే లేదు, ఆ పాత ఎఫ్‌డీయే మీ ఆపద సొమ్మని మీకు తట్టినట్టు లేదు. మిగతా లక్షా 55 వేలు ఇంటి రుణం అసలుకు కట్టండి, కంతు కాదు, గడువు తగ్గించమని బ్యాంకుకు రాసివ్వండి.

వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. మీ జీతం ఖాతా, ఆ ఎఫ్‌డీ మెచ్యూరైన కాగితాలు చూపండి. చుట్టాల దగ్గర తెచ్చి ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం వేశారో, ఎక్కడిదని అడుగుతారు. శాఖ నుంచి విదేశీ ప్రయాణ అనుమతికి డిసెంబరులోనే పెట్టండి. బీమా తీసుకునేటప్పుడు బీపీ ఉంటే దాచకండి, కాలినడక కూడా వర్తిస్తుందో లేదో పాలసీలో చదవండి. ఆ కొండల్లో చిక్కుకుంటే తీసుకొచ్చే వాలంటీర్లు, కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ డబ్బులు అడగరు. ఆస్పత్రిలో చేర్చుకున్నాక మాత్రం మనలాంటి పర్యాటకులకు బిల్లు వేస్తారు.

పౌండు తగ్గుతుందేమోనని కాచుకోకండి. 1,500 పౌండ్ల మీద ఐదు రూపాయలు పెరిగినా పోయేది 7,500. కార్డుతో పాటు కొంచెం నాణేలూ ఉంచుకోండి. ఊయిస్ట్ దారుల్లో ఇంటి గేటు పక్కన చెక్క పెట్టె ఉంటుంది, మూత తీస్తే గుడ్లో కేకు ముక్కలో, పక్కన డబ్బులు వేసే డబ్బా. మనిషి కనిపించడు. హ్యారిస్, లూయిస్‌లలో ఆదివారం ప్రార్థన రోజు, కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. స్టోర్నోవేలో పెద్ద సూపర్‌మార్కెట్ ఒకటి 2024 నవంబరులో తొలిసారి ఆదివారం తెరిస్తే అదే పెద్ద రగడ అయింది. శనివారం సాయంత్రానికే రెండు రోజుల తిండి సంచిలో ఉండాలి. కారప్పొడి, అటుకులు ఇక్కణ్నుంచి తీసుకెళ్లండి. నెయ్యి డబ్బా పెట్టకండి, పాల పదార్థాలు తేనివ్వరు. స్టవ్ గ్యాసు సిలిండర్ విమానంలో ఎక్కనివ్వరు, గ్లాస్గోలో కొనుక్కోవాలి. స్కాట్లాండ్ బ్యాంకులు సొంతంగా నోట్లు అచ్చేస్తాయి, తిరిగొచ్చేలోపు వాటిని అక్కడే ఖర్చుపెట్టేయండి. ఇక్కడ మార్చబోతే వింతగా చూస్తారు.

బూట్లు మాత్రం జనవరిలోనే కొని, ఎనిమిది కిలోల సంచి భుజాన వేసుకుని రోజూ లకారం ట్యాంక్‌బండ్ మీద తిరగండి. మీవారిని కూడా తోడు తీసుకెళ్లండి. కాశీ సంగతి ఆయనతో అక్కడే మాట్లాడుకోవచ్చు.