రోజులు లెక్కపెట్టు, నెలలు కాదు

చిరంజీవి అమ్మడికి, గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు ఆ పెద్ద కంపెనీ ఉద్యోగం మానేసి కొలరాడోలోని డెన్వర్‌లో సొంతంగా లాయరు ఆఫీసు తెరుస్తున్నావట, పోలీసుల మీద దావాలు వేస్తానంటున్నావట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. దానికి ధైర్యం చెప్పి ఫోను పెట్టేశాను గానీ, తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏమిటో నీకు తెలుసు. అక్కడే లాయరుగా నేను ఇరవై ఎనిమిదేళ్ళు నడిచిన దారిలోకి మన ఇంటి పిల్ల వస్తోంది. నాలుగింటికే లేచి కాఫీ కలుపుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నా కాలంలో లేని చట్టం నీ చేతికి వచ్చింది. పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయి నెల తిరగకముందే, 2020 జూన్ 19న, కొలరాడో గవర్నర్ జారెడ్ పోలిస్ 217వ సెనేట్ బిల్లు మీద సంతకం చేశారు. పోలీసు అధికారి రాష్ట్ర రాజ్యాంగం ఇచ్చిన హక్కును కాలరాస్తే రాష్ట్ర కోర్టులోనే దావా వేయవచ్చని, క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అనే జవాబు, అంటే అలాంటి పని తప్పని ముందే తేల్చిన తీర్పు లేకపోతే అధికారిని కాపాడే కవచం, అక్కడ చెల్లదని అందులో రాసి ఉంది. పక్కన నిలబడి చూస్తూ ఆపని అధికారి కూడా జవాబుదారే. ఇవన్నీ నీకు తెలియవని చెప్పడం లేదు. ఆ వాక్యం చదివిన రోజు నేను ఎందుకు ఏడ్చానో చెప్పడానికి మొదలుపెట్టాను.

ముందు చిన్న సంగతులు. వృత్తి బీమా మొదటి రోజే తీసుకో. క్లయింట్ల డబ్బుకు వేరే ఖాతా పెట్టు. అద్దె తక్కువని ఊరి చివర ఆఫీసు తీసుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2015 మార్చి 3. ఇళ్ళకు రంగులు వేసుకుని బతికే మనిషి ఒకాయన పని ముగించుకుని వ్యాన్‌లో ఇంటికి వెళ్తుంటే ఒక ఊరి పోలీసులు ఆపారు. వాళ్ళు వెతుకుతున్న వ్యాన్ వేరేది. ఆ సంగతి తేలేలోపు ఆయన్ను బానెట్ మీదికి పడేసి చెయ్యి వెనక్కి విరిచారు. కుడి భుజం కీలు తప్పింది. నా ఆఫీసుకు వచ్చినప్పుడు ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం లేదు. ఏదో కాగితం మీద సంతకం చేయడానికి వంగితే చొక్కా పై గుండీ ఊడింది. పక్కనే ఉన్న భార్య మాట కూడా ఆపకుండా చెయ్యి చాచి ఆ గుండీ పెట్టింది. అప్పటికి అది వాళ్ళకు అలవాటైపోయింది. గోడలకు, కప్పులకు రంగులు వేసే మనిషి అమ్మా ఆయన.

అప్పట్లో మాకు రెండు దారులు. ఒకటి 1871లో వచ్చిన ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించేది; మనం 1983 సెక్షన్ అంటాం, అది ఏడాది కాదు, సెక్షన్ నంబరు. రెండోది రాష్ట్ర చట్టం కింద దాడి దావా. ఈ రెండో దానికి ముందుగా ఆ ఊరి పాలకులకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. గడువు 182 రోజులు. అది దాటితే కేసు వినే అధికారమే కోర్టుకు ఉండదు.

నేనేం చేశానో తెలుసా? 182 రోజులంటే ఆరు నెలలని మనసులో రాసుకున్నాను. డాక్టరు చివరి నివేదిక రానీ, వాళ్ళ శాఖాపరమైన విచారణ ముగియనీ అంటూ ఆగాను. సెప్టెంబరు 3న, సరిగ్గా ఆరు నెలలకు, పోస్టాఫీసుకు వెళ్ళి సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాను. ఆకుపచ్చ రసీదు కార్డు తిరిగి వచ్చింది, ఫైల్లో పెట్టుకున్నాను, నిశ్చింతగా పడుకున్నాను. నాలుగు నెలల తర్వాత అవతలి లాయరు పిటిషన్‌లో ఒకే ఒక్క వాక్యం: నోటీసు పంపింది 184వ రోజు. క్యాలెండరు తీసి, పెన్సిలుతో ఒక్కో గడి మీద చుక్క పెడుతూ లెక్కపెట్టాను. మూడుసార్లు. మార్చి, మే, జులై, ఆగస్టు, అన్నీ 31 రోజుల నెలలే. ఆఖరి రోజు సెప్టెంబరు 1.

రాష్ట్ర దావా అక్కడితో పోయింది. ఫెడరల్ దావా ఇంకో ఏడాదిన్నర నడిచింది. జరిగింది తప్పు కాదని జడ్జి ఎక్కడా అనలేదు. అచ్చం ఇలాంటి పరిస్థితిలో ఇది తప్పని ముందే చెప్పిన తీర్పు లేదు కాబట్టి ఆ అధికారికి క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ ఉందన్నారు.

ఆయన్నీ ఆయన భార్యనీ పిలిచి కూర్చోబెట్టి, ఆ రెండు రోజుల పొరపాటు నాదేనని చెప్పాను. నా మీద దావా వేసే హక్కు మీకు ఉందని, దానికి వేరే లాయరును చూసుకోవాలని చెప్పడం వృత్తి ధర్మం. అదీ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "రెండు రోజులేనా" అని మాత్రం అడిగారు. చివరికి నా బీమా కంపెనీ ఆయనకు కొంత డబ్బు చెల్లించింది. భుజం విరిచిన మనిషి పైసా ఇవ్వలేదు, ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. తేదీ తప్పు లెక్కపెట్టినందుకు నేను జవాబు చెప్పాను, చెప్పాల్సిందే. మరి అతను ఎందుకు చెప్పనక్కర లేదు? ఈ ప్రశ్న కొన్నేళ్ళ పాటు నా గుండెలో ముల్లులా ఉంది. 2020లో ఆ చట్టం వచ్చినప్పుడు నాకు కన్నీళ్ళు ఎందుకు ఆగలేదో ఇప్పుడు అర్థమైందా?

కొత్త చట్టం కింద వేసే దావాకు 182 రోజుల నోటీసు అక్కర్లేదు, రెండేళ్ళ గడువు ఉంది. అది చూసుకుని కాళ్ళు చాపుకుని కూర్చోకు! దాంతోపాటు మామూలు రాష్ట్ర దావా ఏదైనా కలపాలంటే నోటీసు కావాల్సిందే. అందుకే కేసు ఒప్పుకున్న వారంలోనే పంపెయ్యి. క్యాలెండరులో రోజులు లెక్కపెట్టు, నెలలు కాదు. కంప్యూటర్ చెప్పినా సరే, వేలితో ఒకసారి లెక్కపెట్టు.

వీడియో మొదటి రోజే అడుగు. దుష్ప్రవర్తన ఫిర్యాదు ఉన్న సంఘటనలో బాడీ కెమెరా రికార్డింగును, కోరిన 21 రోజుల్లోగా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు ఢీకొని మన ఆదోని అమ్మాయి చనిపోయింది కదా. ఆ బిడ్డ ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఒక అధికారి నవ్వుతూ మాట్లాడిన మాటలు అతని ఒంటి మీది కెమెరాలోనే దొరికాయి. అది లేకపోతే ఆ మాటలు ఎవరు నమ్మేవారు?

ఇంకొకటి. దావాలో 1983 సెక్షన్ కూడా కలిపితే అవతలివాళ్ళు కేసును ఫెడరల్ కోర్టుకు పట్టుకుపోగలరు. కలపడమా మానడమా అన్నది బాగా ఆలోచించుకుని తేల్చుకో, అలవాటు కొద్దీ కలపకు.

క్లయింటుకు నిజం చెప్పు. పరిహారం చాలావరకు ఆ పోలీసు అధికారి యజమాని, అంటే ఆ ఊరో, జిల్లా లాంటి కౌంటీయో కడుతుంది. అధికారి సదుద్దేశంతో నడుచుకోలేదని ఆ యజమానే తేల్చినా, అతని జేబులోంచి వచ్చేది మామూలుగా తీర్పు మొత్తంలో 5 శాతమో 25,000 డాలర్లో, ఏది తక్కువైతే అది. అతన్ని రోడ్డున పడేద్దామని వచ్చినవాళ్ళకు ఈ సంగతి మొదటి రోజే తెలియాలి. పస లేని కేసు వేస్తే అవతలి లాయరు ఫీజు నీ క్లయింటు నెత్తిన పడొచ్చు. కోపంగా ఉన్నవాళ్ళందరికీ కేసు ఉండదు తల్లీ. కాదని చెప్పడం నేర్చుకో. నాకది నేర్చుకోవడానికి పదేళ్ళు పట్టింది.

రాత్రిపూట ఒక్కదానివే క్లయింట్ల ఇళ్ళకు వెళ్ళకు. కారు వెనక లైట్లు నెలకోసారి చూసుకో. లైటు వెలగలేదని నిన్ను ఆపే సాకు ఎవరికీ ఇవ్వకు. ఇది పెద్దమ్మ చాదస్తం అనుకున్నా సరే, చూసుకో. ఆరింటికి ఆఫీసు మూసి అన్నం తిను. చిన్నప్పుడు పుస్తకం ముందు పెట్టుకుని కంచంలో చెయ్యి ఎండబెట్టుకునేదానివి, ఇప్పుడూ అంతేనని మీ అమ్మ అంటోంది.

ఈ కవరులో ఒక ఆకుపచ్చ కార్డు పెట్టాను. 2015 సెప్టెంబరు 3న పంపిన నోటీసుకు వచ్చిన రసీదు అదే. ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. నీ ఆఫీసులో క్యాలెండరు ఎక్కడ తగిలిస్తావో, దాని పక్కనే గుచ్చు. మీ అమ్మకు మాత్రం ఈ వారమే నువ్వే ఫోను చెయ్యి. నేను దాన్ని ఒప్పించాను గానీ, అది నీ గొంతు వినాలి.

ఇట్లు,
పెద్దమ్మ