చియాంగ్ మైకి ఒంటరిగా పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 25 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లుగా టెస్టింగ్ ఉద్యోగం. పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్ కావడంతో మా దగ్గరే ఉండి చేసుకుంటోంది. నవంబరు నుంచి మూడు నెలలు థాయిలాండ్‌లోని చియాంగ్ మైలో ఉండి పనిచేస్తానంటోంది. సేఫ్టీలో ఆ ఊరికి మంచి మార్కులున్నాయని ఆన్‌లైన్‌లో ఏదో లిస్టు చూపిస్తోంది. మా చుట్టాలేమో థాయిలాండ్ పేరెత్తితేనే హడలగొడుతున్నారు. ఉన్న ఉద్యోగానికి ఎసరొస్తుందేమోనని ఆయన దిగులు. పంపమంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పంపొచ్చమ్మా. కాకపోతే మీ భయం ఒకచోట ఉంది, అక్కడి అసలు ప్రమాదాలు ఇంకోచోట ఉన్నాయి. మీవారి దిగులు మాత్రం సరైన చోటే ఉంది.

ముందు ఆ లిస్టు సంగతి చెబుతాను. నంబియో లాంటి సైట్లలో కనిపించే మార్కులు పోలీసుల లెక్కలు కావు. పగలు ఒంటరిగా నడవాలంటే భయమా, రాత్రయితే ఎలా ఉంటుంది, దొంగల బెడద ఉందనిపిస్తుందా అని సైటుకొచ్చినవాళ్లనే అడిగి, వాళ్ల జవాబుల్ని కలిపి అంకె కడతారు. అంటే అది ఆ ఊళ్లో ఎలా అనిపించిందన్న లెక్క. దాన్ని తీసిపారేయక్కర్లేదు. కాఫీ షాపు నుంచి రాత్రి తొమ్మిదికి గదికి నడిచొచ్చే ఆడపిల్ల ప్రతి పది అడుగులకూ వెనక్కి చూసుకోవాలా వద్దా అన్నది చిన్న విషయమేం కాదు. ఒంటరిగా వచ్చే అమ్మాయిలకు చియాంగ్ మై బాగా అలవాటైన ఊరే. అయితే బండి మీంచి పడితే ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు, మార్చిలో ఊపిరి ఆడుతుందా అని ఆ ప్రశ్నాపత్రంలో ఎవరూ అడగరు.

మీ చుట్టాలు చెప్పేది ఏమిటో ఊహించగలను. మన తెలుగు పిల్లలు కూడా చిక్కుకున్న సైబర్ మోసాల ముఠాల కథే కదా! అది అబద్ధం కాదు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని పిలిచి, అక్కణ్నుంచి మే సోట్ అనే సరిహద్దు ఊరికి తీసుకెళ్లి, ఏరు దాటించి మయన్మార్‌లోని మ్యావడీ దగ్గర నిర్బంధించారు. 2025 మార్చిలో మన వైమానిక దళం విమానాలు వెళ్లి 500 మందికి పైగా వెనక్కి తెచ్చాయి. కానీ వాళ్లంతా అక్కడి ఉద్యోగాన్ని నమ్ముకుని వెళ్లినవాళ్లు. మీ అమ్మాయి తన ఉద్యోగాన్ని వెంటబెట్టుకుని వెళ్తోంది. ఆ తేడా చాలా పెద్దది. అక్కడున్నప్పుడు ఎవరైనా 'ఇంకా మంచి జీతం' అని వేరే ఊరికి రమ్మంటే కదలొద్దని చెప్పండి, చాలు.

నన్నడిగితే మొదట భయపడాల్సింది స్కూటర్‌ని చూసి. రోడ్డు మరణాలు ఎక్కువగా ఉండే దేశాల్లో థాయిలాండ్ ఒకటి. పోయేవాళ్లలో ఎక్కువమంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి మన పిల్లలకు ధైర్యం ఇంకాస్త ఎక్కువ. అద్దె బండి తీసుకునే ఉద్దేశముంటే ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకోవాలి, అందులో టూవీలర్ ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. బండికి పూచీగా పాస్‌పోర్ట్ అడిగే దుకాణాలుంటాయి, వాటి గడప తొక్కొద్దు. అసలు బండే వద్దంటాను. షేర్ ఆటోల్లా తిరిగే ఎర్ర సాంగ్‌థావ్‌లున్నాయి, రాత్రిపూట ఫోన్‌లో బుక్ చేసుకునే గ్రాబ్, బోల్ట్ క్యాబ్‌లు ఉన్నాయి.

గది ఎక్కడ అన్నది ఆమె పని వేళల్ని బట్టి తేల్చుకోవాలి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. ఇక్కడ పది నుంచి ఏడు అంటే అక్కడ పదకొండున్నర నుంచి ఎనిమిదిన్నర, బాగానే ఉంది. అదే అమెరికా క్లయింటుతో మన రాత్రి తొమ్మిదిన్నరకు కాల్ ఉంటే అక్కడ పదకొండు. అంత రాత్రివేళ ఏ కో-వర్కింగ్ ఆఫీసు నుంచో బయల్దేరే బదులు, ఇంటర్నెట్ బాగున్న గదిలోంచే మాట్లాడటం నయం. కందకం లోపలి పాత ఊరు చూడముచ్చటగా ఉంటుంది గానీ సందులు త్వరగా సద్దుమణుగుతాయి. నిమ్మాన్ వైపు అద్దె ఎక్కువే అయినా రాత్రి మనుషుల అలికిడి ఉంటుంది. మొదటి వారం హోటల్లో ఉండి, చీకటి పడ్డాక ఆ వీధిలో ఒకసారి నడిచి చూశాకే నెల అద్దె కట్టమనండి. టూరిస్ట్ పోలీసుల నంబరు 1155. భారత కాన్సులేట్ కూడా ఆ ఊళ్లోనే ఉంది.

ఇక మీవారి దిగులు. వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే ప్రపంచంలో ఎక్కణ్నుంచైనా అని అర్థం కాదు. క్లయింటు డేటా దేశం దాటకూడదన్న నిబంధన చాలా కంపెనీల్లో ఉంటుంది. చెప్పకుండా వెళ్లి, ఎక్కడున్నామో దాచిపెట్టే వీపీఎన్‌తో నెట్టుకొద్దామనుకునే పిల్లలు నాకు తరచూ తగులుతుంటారు. లాగిన్ ఎక్కణ్నుంచి జరుగుతోందో ఐటీ విభాగానికి తెలియకుండా ఉండదు. దొరికితే పోయేది ఉద్యోగమే, పైగా రిలీవింగ్ లెటర్ దగ్గర తిరకాసు. మేనేజరు నోటిమాటగా 'వెళ్లమ్మా' అంటే సరిపోదు, హెచ్ఆర్ నుంచి మెయిల్ రావాలి.

ఆ కాగితం వీసాకీ కావాలి. వీసా లేకుండా టూరిస్టుగా దిగితే ఇచ్చే రోజులు మూడు నెలలకు చాలవు. అలా దిగి ల్యాప్‌టాప్ తెరిచేవాళ్లు బోలెడుమంది ఉన్నా, నేనైతే ఆ సలహా ఇవ్వను. బయటి దేశపు కంపెనీకి పనిచేసుకునేవాళ్ల కోసమే 2024 జులైలో డెస్టినేషన్ థాయిలాండ్ వీసా తెచ్చారు. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. కంపెనీ ఇచ్చిన ఉద్యోగ పత్రంతో పాటు 5 లక్షల బాట్‌ల నిల్వ చూపించాలి. మన డబ్బులో 12 లక్షల పైమాటే. రెండేళ్ల జీతంలో అంత వెనకేసి ఉండకపోవచ్చు. అలాగైతే ఇప్పటికి సెలవు పెట్టి పది రోజులు ఊరు చూసి రమ్మనండి, మిగతాది వచ్చే ఏడాది.

ఈ మూడు నెలల వల్ల రెజ్యూమెలో కొత్తగా చేరేదేమీ ఉండదని కూడా ఆమెకు చెప్పండి. ఇష్టపడి వెళ్తోంది, అందులో తప్పు లేదు. టెస్టింగ్‌లో ఆటోమేషన్ నేర్చుకోవడం అక్కడా ఆపకపోతే చాలు.

నెలలు మాత్రం బాగా ఎంచుకుంది. నవంబరు నుంచి జనవరి దాకా చల్లగా హాయిగా ఉంటుంది. ఆ తర్వాత చుట్టుపక్కల అడవులు, పొలాలు తగలబెట్టిన పొగ కొండల మధ్య లోయలో నిలిచిపోయి, మార్చి నాటికి ప్రపంచంలోనే అధ్వానమైన గాలి ఉన్న నగరాల పట్టీలో చియాంగ్ మై తరచూ ముందుంటుంది. మీ అమ్మాయికి ఆయాసమో అలర్జీయో ఉందేమో మీరు రాయలేదు. ఉన్నా లేకున్నా, తిరుగు టికెట్ మీద తేదీ ఫిబ్రవరి మొదటి వారం దాటకుండా చూడండి.