లేఔట్ ప్లాటు కాకుండా భూమి మీద డబ్బు పెట్టే దారులు: చీపురుపల్లి వైపు నా అనుభవం

చేతిలో 20 లక్షలు ఉన్నాయి, భోగాపురం చుట్టూ గజాల లెక్కన ప్లాటు కొనడం ఇష్టం లేదు, విజయనగరం జిల్లాలో భూమి మీదే ఇంకేదైనా దారి ఉందా అని అడిగారు. ఉంది. కాకపోతే పని ఎక్కువ, లాభం నిదానం. నేను విశాఖలో ఉద్యోగం చేస్తూ 2016 నుంచి మా ఊళ్ళో ఇదే చేస్తున్నాను కాబట్టి చేతికి తగిలినవే రాస్తున్నా.

2023 మే 3న ఎయిర్‌పోర్టుకి శంకుస్థాపన జరిగాక భోగాపురం, పూసపాటిరేగ వైపు మంచి భూమికి మంచి ధర ఎప్పుడో పలికేసింది. అక్కడ మనం కొనేది వేరేవాళ్ళ ఆశని. నేను వెతికేది ఏదో ఒక లోపం ఉన్న భూమి: నీరు లేనిది, దారి లేనిది, తుప్పలు పట్టిపోయింది. ఆ లోపం నా చేతుల్లో తీరేదైతేనే దిగుతాను.

మొదటిది అసలు కొనలేదు. చిన్నాన్నకి ఊరి పైన 2 ఎకరాల గరువు (మెట్ట భూమి) ఉండేది. ఎర్ర నేల, వాన పడితే నీరంతా గెడ్డలోకి, అంటే వాగులోకి, జారిపోతుంది. ఏడాదికోసారి నువ్వులో ఉలవలో చల్లి ఊరుకునేవాడు. "మొక్కలు, ఖర్చు నావి, భూమి నీది. జీడి కాపుకొచ్చాక ఖర్చు పోను చెరి సగం, పదేళ్ళు" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. "ఒరే, పదేళ్ళు రాసిచ్చేస్తే భూమి నీదైపోతాదేటి?" అన్నాడు. ఆ భయం మన ఊళ్ళల్లో అందరికీ ఉంది, తప్పు పట్టలేం. తర్వాత 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం పెట్టింది కూడా యజమానికి ఆ భయం పోవాలనే. కానీ చెట్లకి 11 నెలలు ఏం సరిపోతాయి? ఏడాది దాటిన కౌలుని రిజిస్టర్ చేయించాలి, చేయించాం. మొదటి నాలుగేళ్ళు అంతర పంట మొత్తం ఆయనదే అని రాశాక గానీ సంతకం పెట్టలేదు. నా తరఫున ఒక్క మాట రాయించుకున్నా: అమ్మదలిస్తే ముందు నాకే చెప్పాలి.

8 మీటర్ల దూరంలో అంటు మొక్కలు నాటితే ఎకరానికి 60కి పైనే పడతాయి. కానీ మొక్క కంటే ముందు నేల. ఈ భాగం గురించి ఎవరూ అడగరు గానీ నాకు చెప్పబుద్ధేస్తుంది.

ఫిబ్రవరి దాటాక గొర్రెల మందలు మా వైపు వస్తాయి. రాత్రికింత అని మాట్లాడుకుంటే పొలంలో మంద పెడతారు. మొదటి రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను. మూడొందల గొర్రెలు వలకంచె లోపల కుదురుకునేసరికి పదకొండయింది. తర్వాత రాత్రంతా నమిలే చప్పుడు, దగ్గులు, కుక్క మొరుగుడు. తెల్లారి చూస్తే నేలంతా నల్లగా పెంటికలు, ముక్కు మండే ఉచ్చ వాసన. ఇక్కడే ఇంకో రెండు రాత్రులు ఉంచమంటే కాపరి ఒప్పుకోలేదు. "ఒక్కచోటే ఒగ్గేస్తే మొక్క మాడిపోతాది బాబూ, రోజూ మారాల" అని మడి మడికీ వల మార్చాడు. తొమ్మిది రాత్రుల్లో రెండెకరాలూ తిరిగారు. యూరియా బస్తాలతో నా జన్మలో ఆ పని అయ్యేది కాదు.

మేలో చెరువు మట్టి తోలించాం. మా గరువు మట్టి గుప్పెట పట్టి వదిలితే ఇసకలా రాలిపోయేది. ఒండ్రు కలిశాక రెండో ఏడు అదే మట్టి ముద్దగా నిలబడింది. పంచాయతీకి, ఇరిగేషన్ వాళ్ళకి చెప్పకుండా మాత్రం ట్రాక్టరు దించకండి. చెరువు ఎండిపోయినంత మాత్రాన ఎవరూ అడగరనుకోవద్దు.

పల్లపు మూలన జేసీబీతో కుంట తవ్వించాం, పైన 10 మీటర్లు బై 10, లోతు 2. చూడగానే 2 లక్షల లీటర్లు అనుకుంటాం. గట్లు వాలుగా తీయాలి కాబట్టి అడుగున 6 బై 6 మాత్రమే వస్తుంది, నిజంగా పట్టేది 1 లక్షా 30 వేల లీటర్లు. అందులోనూ ఎర్ర నేల కొంత తాగేస్తుంది. అయినా మొదటి రెండు వేసవులు బిందెలతో మొక్కకి పోసి బతికించింది ఆ నీరే.

డబ్బు సంగతి. మొత్తం పెట్టుబడి 1 లక్షా 40 వేలు దాకా అయింది. మూడో ఏడు నాలుగు పిక్కలు కనబడ్డాయి, పిల్లలు కాల్చుకు తిన్నారు. 2022లో 80 కేజీల బస్తా లెక్కన 5 బస్తాలు వచ్చాయి, నా వాటాకి 24 వేలు మిగిలాయి. ఆ ముందు ఆరేళ్ళు చేతికి రూపాయి రాలేదని కూడా చెప్పాలి. అసలు లాభం వేరే దగ్గర వచ్చింది. చెల్లి పెళ్ళికి చిన్నాన్న అందులో 80 సెంట్లు అమ్మదలిచాడు. ఒప్పందం ప్రకారం ముందు నన్నే అడిగాడు, నేనే కొనుక్కున్నాను. బయట బ్రోకరు చెవిన పడితే నా వల్ల అయ్యేది కాదు.

చెట్టు మీద డబ్బు పెట్టామంటే తుఫాను మీద కూడా పెట్టినట్టే. మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చినప్పుడు మావయ్యగారి ముప్పై ఏళ్ళ కొబ్బరి తోట పడుకుండిపోయింది. అందుకే ఉన్నదంతా తోటలో పెట్టకండి.

రెండోది దారి లేని భూమి. 2019లో 45 సెంట్లు, చుట్టుపక్కల రేటులో సగానికి వచ్చింది. పక్క రైతు "నా గట్టు మీంచి తిరగండి, దానికేటి" అన్నాడు. నోటి మాట నమ్మాను. ఆయన పోయాక కొడుకులు కంచె వేసేశారు. ఏడాదిన్నర కాళ్ళరిగేలా తిరిగి, చివరికి 9 అడుగుల వెడల్పున 240 అడుగుల పట్టీ కొన్నాను. అది 5 సెంట్లు. ఎకరం లెక్కన చూస్తే నా మొదటి ధరకి మూడింతలు. అలా కొన్నా నష్టం రాలేదు, ట్రాక్టరు వెళ్ళే దారి పడగానే మొత్తం ముక్కకి ఊరి రేటు వచ్చేసింది. కానీ ఆ పట్టీకి రాతకోతలు అయ్యాకే 45 సెంట్లకి అడ్వాన్సు ఇవ్వాల్సింది, ఎంత టెన్షన్ తప్పేదో.

ఇక తీరని లోపాలు. డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చింది, ఎంత చౌకగా వచ్చినా ముట్టుకోకండి, దాని అమ్మకం మీద ఆంక్షలు పెట్టిన 1977 చట్టం ఉంది. 22ఎ (నిషేధిత భూముల) జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే అవదు. సీతంపేట లాంటి ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం అడ్డం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా ఊళ్ళు పాత జమీందారీలవి, 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి. ఇనాం, దేవాదాయ భూముల చిక్కులు ఇప్పటికీ నడుస్తున్నాయి. అడంగల్, 1బి (రెవెన్యూ రికార్డులు), ఈసీ (పాత లావాదేవీల పత్రం) చూడటం అందరికీ తెలుసు. వాటితో ఆగకుండా ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) పట్టుకుని ఊరి పెద్దాయన ఒకర్ని వెంటబెట్టుకుని గట్టు గట్టూ నడవండి. "ఇది గెడ్డ పోరంబోకు (ప్రభుత్వ భూమి) కదా బాబూ" అని ఆయన అనే ఒక్క ముక్క కాగితాల్లో మన కంట పడకపోవచ్చు.

శ్రీగంధం మొక్కలతో ఫామ్ ప్లాట్లు అమ్మేవాళ్ళ ఫోన్లు మీకూ వచ్చే ఉంటాయి. నేను ఒకటి కొన్నాను, చెప్పుకోడానికి సిగ్గే. 121 గజాలు, అంటే రెండున్నర సెంట్లు, అందులో 5 మొక్కలు, పదిహేనేళ్ళలో కోటి అన్నారు. శ్రీగంధం పక్క చెట్టు వేరు నుంచి కూడా తిండి లాక్కుని బతికే మొక్క. కందో సరుగుడో తోడు వేయాలన్న సంగతి కూడా వాళ్ళకి పట్టలేదు. రెండో వేసవికి అయిదూ పోయాయి. ఆఫీసు బోర్డు అంతకంటే ముందే పోయింది.

సోలార్ గురించి కూడా అడిగారు. కేంద్రం వాళ్ళ కుసుమ్ పథకంలో రైతు భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా పెట్టొచ్చు గానీ, మెగావాటుకి నాలుగైదు ఎకరాలు కావాలి, సబ్‌స్టేషన్ దగ్గర్లో ఉండాలి. మీ 20 లక్షలకి అందే పని కాదు.

మీ స్థానంలో నేనైతే 5 లక్షలు కౌలు తోటలో, మహా అయితే 10 లక్షలు దారి గానీ నీరు గానీ లేని ఒక ముక్కలో పెట్టి, మిగతాది బ్యాంకులో ఉంచుతాను. బోరు, కంచె, కోర్టు, ఈ మూడూ చెప్పి రావు.

ఈ మేలో మిగిలిన మూలకి మళ్ళీ చెరువు మట్టి తోలిస్తున్నాం. చూడాలనుంటే రండి, ఉదయం 7 లోపే రావాలి. ఎనిమిదయితే ట్రాక్టరు వాడే చెట్టు కిందకి వెళ్ళిపోతాడు.