లైనక్స్‌లో పని వేళల్లో అడ్మిన్లు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయకుండా ఆపొచ్చా?

ముగ్గురికి సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపే వీలు) ఉంది, పగటిపూట ఇన్‌స్టాల్ చేయకుండా ఆపడం ఎలా అని అడిగారు. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కంప్యూటర్లు చూస్తాను. ఈ తలనొప్పి మేమూ పడ్డాం.

పోయిన యాసంగి. గేటు బయట దాకా వడ్ల ట్రాక్టర్లు. కాంటా మీద లోడు ఉండగానే బిల్లు స్క్రీను ఆగిపోయింది. చూస్తే మా తమ్ముడొకడు ఆఫీసులో కూర్చుని సర్వర్ మీద తాపీగా ఏపీటీ (ఉబుంటు, డెబియన్‌లలో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే కమాండ్) అప్‌గ్రేడ్ కొట్టాడు. డేటాబేస్ ప్యాకేజీ మారగానే సర్వీసు రీస్టార్ట్ అయింది. తెగిన కనెక్షన్‌ను మళ్లీ కలుపుకునే తెలివి మా బిల్లింగ్ ప్రోగ్రాముకు లేదు. డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి, "సార్, బండి తీయాల్నా వద్దా?"

మొదట సుడోయర్స్‌లో (సుడోతో ఎవరు ఏం చేయొచ్చో రాసే ఫైలు) "ఏపీటీ తప్ప అన్నీ" అని రాశాను. దండగ. సుడోతో బాష్ (ఏ కమాండైనా టైప్ చేయగల షెల్) తెరిస్తే ఇక అడ్డేముంది? సుడోయర్స్‌లోని నాట్‌బిఫోర్, నాట్‌ఆఫ్టర్ తేదీతో గడువు పెట్టేవి, రోజువారీ వేళలకు పనికిరావు. పామ్ టైమ్‌కు (ఏ వేళలో ఎవరిని అనుమతించాలో చూసే మాడ్యూల్) వేళలు తెలుసు కానీ సుడో మొత్తం మూసేస్తుంది. ప్రింటర్ సర్వీసు ఆగితే సాయంత్రం దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

చివరికి ఏపీటీ కాన్ఫిగ్‌లో డీపీకేజీ ప్రీ-ఇన్‌వోక్ (ప్యాకేజీలను అసలు ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీని ఏపీటీ పిలిచే ముందు నడిచేది) కింద చిన్న షెల్ స్క్రిప్టు పెట్టాను. టైము 9కీ 18కీ మధ్య ఉంటే "కాంటా నడుస్తోంది, 6 దాటాక చేయండి" అని చూపి ఎగ్జిట్ 1 (ఫెయిల్ అనే సంకేతం) ఇస్తుంది. అది ఫెయిలైతే ఏపీటీ అక్కడే ఆగుతుంది. అర్జంటైతే రన్ డైరెక్టరీలో ఒక ఖాళీ ఫైలు పెడితే స్క్రిప్టు దారి వదులుతుంది. రీబూట్‌తో ఆ ఫైలు పోతుంది. స్నాప్, పిప్ లాంటి వేరే ఇన్‌స్టాలర్లు దీనికి దొరకవు. డీపీకేజీని నేరుగా నడిపినా దొరకదు. పూర్తి సుడో ఉన్నవాడు స్క్రిప్టునే తీసేయొచ్చు కూడా. మా తమ్ముడు ధ్యాస లేక చేసినవాడు, అతనికి ఇది సరిపోయింది. మీవాళ్ల మీద నమ్మకమే లేదంటే సుడో వెనక్కి తీసుకోండి, నాకైతే వేరే దారి కనిపించలేదు.

ఒక్కటి మాత్రం నేను ఆలస్యంగా చూశాను. ఆటోమేటిక్ అప్‌డేట్ టైమర్ ఉదయం 6కి ఉంటుంది. రాత్రి ఆపేసే మెషీన్లలో అది పొద్దున ఆన్ చేయగానే నడుస్తుంది, మన స్క్రిప్టు దాన్నీ ఆపేస్తుంది. అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా బంద్. ఏపీటీ డైలీ అప్‌గ్రేడ్ టైమర్‌ను సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో (టైమర్ సెట్టింగ్ మార్చే కమాండ్) రాత్రి 7కి మార్చాను. మార్చేటప్పుడు ముందు ఆన్‌క్యాలెండర్ లైను (టైమర్ వేళ చెప్పేది) ఖాళీగా ఒకసారి రాయండి, లేకపోతే పాత 6 గంటలదీ అలాగే ఉంటుంది.