ఉప్పునీటి ఊళ్లలో గీజర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కార్తీక మాసం దగ్గర పడుతున్నదంటే ఈ శీర్షికకు గీజర్ల గురించిన ఉత్తరాలు పెరుగుతాయి. వేసవి మొదలైనప్పుడు ఆపేసిన గీజర్‌ను తెల్లవారుజామున చలి తగలగానే మళ్లీ వేస్తాం. ఇన్ని నెలలుగా నిలవ నీటితో లోపల జరిగిన నష్టమంతా అప్పుడే బయటపడుతుంది. సముద్రతీరపు ఊళ్ల నుంచి వచ్చిన నాలుగు ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉంది. వాడుకకు బోరు నీరే దిక్కు. ఆరేళ్ల క్రితం కొన్న 25 లీటర్ల గీజర్ అడుగు నుంచి నీరు కారుతోంది. వేడి నీళ్ల కుళాయి తిప్పగానే మొదట కాసేపు ఎర్రటి నీరు వస్తోంది. ట్యాంకు పోయింది, కొత్తది కొనమని ఒక మెకానిక్ అంటున్నారు. వెల్డింగ్ చేయిస్తే మరికొన్నేళ్లు వస్తుందని ఇంకొకరు అంటున్నారు. దీనికి ముందున్న గీజర్ కూడా ఐదేళ్లకే పోయింది. బాగు చేయించాలా, మార్చాలా? మారిస్తే ఎటువంటిది కొనాలి?
(ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం)

జవాబు: ముందుగా నీరు ఎక్కడి నుంచి కారుతున్నదో తేల్చుకోవాలి. "గీజర్ కారుతోంది" అనే ఒక్క మాట వెనుక నాలుగు వేర్వేరు కారణాలు ఉంటాయి, వాటిలో మూడింటికి కొత్త గీజర్ కొనవలసిన అవసరమే లేదు.

చన్నీళ్లు లోపలికి వెళ్లే చోట ఉండే సేఫ్టీ వాల్వు నుంచి, నీరు కాగుతున్నంతసేపు మాత్రమే చుక్కలు పడుతుంటే అది లోపం కాదు. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు చేరేసరికి సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది, ఆ పెరిగిన నీరు బయటికి పోయే దారి ఆ వాల్వే. చుక్కలు పడుతున్నాయని ఆ వాల్వు నోటికి బిరడా బిగించేవారు ఉన్నారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు. లోపలి ఒత్తిడికి దారి మూసుకుపోతే, నీరు తగినంత కాగగానే కరెంటును ఆపే థర్మోస్టాట్ కూడా పాడైన రోజున ట్యాంకు పేలిపోయే ప్రమాదం ఉంటుంది. కరెంటు ఆపి, నీరు చల్లారిన తరువాత కూడా ఆ వాల్వు ఆగకుండా కారుతున్నదంటే దాని స్ప్రింగు దగ్గర సున్నం పేరుకున్నదని అర్థం, వాల్వు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. పైపుల అతుకుల దగ్గర కారితే అది ప్లంబరు గంటలో చక్కబెట్టగలిగిన పని. అడుగు మూత విప్పినప్పుడు, నీటిని కాచే కాయిల్‌ను ట్యాంకుకు బిగించిన ఫ్లాంజి (బోల్టులతో బిగించే పలక) చుట్టూ తడి, తెల్లటి పొరలు కనిపిస్తే అక్కడి రబ్బరు గాస్కెట్ గట్టిపడి పగిలిందన్నమాట; దాన్నీ మార్చుకోవచ్చు.

ఈ మూడు చోట్లా పొడిగా ఉండి, కరెంటు పూర్తిగా ఆపినా, నీటి వాల్వు తెరిచి ఉన్నంతకాలం బయటి డొప్పకూ ట్యాంకుకూ మధ్య నుంచి తుప్పురంగు నీరు దిగుతూనే ఉంటే ట్యాంకు చిల్లుపడినట్లే. చన్నీళ్ల కుళాయిలో తేటగా వచ్చే నీరు వేడి నీళ్ల కుళాయిలో మాత్రమే ఎర్రగా వస్తున్నదంటే అది కూడా ఇదే సంగతిని బలపరుస్తుంది, మీ ఇంట్లో వేడి నీటి లైను పాత ఇనుప పైపులది కాకపోతే. మీరు రాసిన లక్షణాలను బట్టి మొదటి మెకానిక్ మాటే నిజమనిపిస్తోంది. వెల్డింగ్ మాత్రం వద్దు. ఇనుప ట్యాంకు లోపల గాజు పూత ఉంటుంది. బయట వెల్డింగ్ చేసిన వేడికి లోపలి పూత ఆ చుట్టుపక్కల పగిలి రాలుతుంది, అతికిన చిల్లు పక్కనే కొత్త చిల్లు పడుతుంది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపినది ఆఖరి వాక్యం: ముందున్నది కూడా ఐదేళ్లకే పోయింది. ఒకే గోడ మీద, ఒకే నీటితో రెండు గీజర్లు అదే వయసులో పోయాయంటే తప్పు కంపెనీది అయ్యే అవకాశం తక్కువ, నీటిది అయ్యే అవకాశం ఎక్కువ. కారణం తెలుసుకోకుండా మూడోది కొంటే అదీ అదే దారి పడుతుంది.

గాజు పూత ఎంత బాగా వేసినా, కంటికి కనిపించని సూదిబెజ్జాలు అందులో ఉండక మానవు. అక్కడ నీరు ఇనుమును తాకుతుంది. ఆ ఇనుము తినబడకుండా ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి బిగిస్తారు, దాన్నే ఆనోడ్ రాడ్ అంటారు. మెగ్నీషియం ఇనుము కంటే తేలికగా కరిగిపోయే లోహం కనుక, ఇనుముకు బదులుగా అది తాను అరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. నీటిలో లవణాలు ఎక్కువైన కొద్దీ విద్యుత్ వాహకత పెరుగుతుంది, కడ్డీ అంత వేగంగా అరుగుతుంది. తీరప్రాంతంలో బోర్లు ఎక్కువగా తోడిన చోట సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకువస్తుంది కాబట్టి, మంచినీటి మీద ఎన్నో ఏళ్లు నిలిచే కడ్డీ అటువంటి బోరు నీటిలో ఏడాది రెండేళ్లకే తీగలా మిగలవచ్చు. అది అయిపోయిన రోజు నుంచి ట్యాంకే ఆహారం. కొన్ని వందల రూపాయల ఈ కడ్డీని ఏడాదికొకసారి విప్పి చూసి, సగానికి పైగా అరిగితే మార్చుకున్న ఇళ్లలో గీజర్లు ఎక్కువ కాలం మన్నుతాయి. గీజర్ కొన్నవారిలో చాలామందికి లోపల అటువంటిది ఒకటుందన్న సంగతే ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

కాబట్టి కొనే ముందు మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం కరిగిన లవణాల మొత్తం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతి. క్లోరైడ్‌కు ఆ హద్దులు 250, 1000. కాఠిన్యానికి, అంటే సున్నం పేరుకునేలా చేసే లవణాలకు, 200, 600. పరీక్ష ఫలితం వచ్చేలోగా వంటగదిలో కూడా కొంత తెలుస్తుంది. కందిపప్పు ఎంతసేపటికీ మెత్తగా ఉడకకపోతే, సబ్బు నురగ రాకపోతే, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెళ్లలు కడితే కాఠిన్యం ఎక్కువని అర్థం. క్లోరైడ్ సంగతి మాత్రం పరీక్షలోనే తేలుతుంది, మీ నిర్ణయానికి అదే ముఖ్యం.

ఎందుకంటే "స్టీలు ట్యాంకు తుప్పు పట్టదు" అన్న మాట మీ వంటి ఇళ్లలో పూర్తిగా నిజం కాదు. సాధారణంగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును వేడి నీటిలోని క్లోరైడ్ సూదిమొనల్లా గుచ్చి చిల్లులు చేస్తుంది, వెల్డింగ్ అతుకుల దగ్గర మరీ త్వరగా. మాలిబ్డినం కలిసిన 316 రకం దీన్ని మెరుగ్గా తట్టుకుంటుంది గానీ ఇళ్ల గీజర్లలో అరుదు. క్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటికి గాజు పూత ట్యాంకు, లావుపాటి ఆనోడ్ రాడ్ ఉన్న గీజరే మేలని నా అభిప్రాయం, అయితే ఆ కడ్డీని ఏటా చూసుకుంటానన్న నియమం మీద. కాయిల్ ఇంకొలాయ్ (తుప్పును బాగా తట్టుకునే నికెల్ మిశ్రలోహం) రకానిదైతే మంచిది. బయటి డొప్ప ప్లాస్టిక్‌ది తీసుకోండి. రంగు వేసిన రేకు డొప్ప గీత పడిన చోటల్లా ఉప్పుగాలికి పొంగి రాలిపోతుంది.

స్టార్ల సంఖ్య గురించి ఒక మాట. నిలవ గీజర్ల మీద ఉండే బి.ఇ.ఇ. (కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ) స్టార్లు, కాగిన నీరు ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోగొట్టుకుంటుందో చెబుతాయి. రోజంతా వేసి ఉంచే ఇళ్లకు అది పెద్ద లెక్క. స్నానానికి ముందు అరగంట వేసి ఆపేసే మన తీరప్రాంతపు ఇళ్లలో ఒక స్టారు తేడా కంటే ట్యాంకు రకం, కడ్డీ మందం, వారంటీ పత్రంలోని షరతులు ముఖ్యం. ట్యాంకుకు ఎన్నేళ్లు, కాయిల్‌కు ఎన్నేళ్లు అన్నది విడివిడిగా రాసి ఉంటుంది. ఉప్పునీటికి, కఠిన జలానికి వారంటీ వర్తించదన్న వాక్యం ఉన్నదేమో కొనే ముందే చదవండి.

గోడకు బిగించే బోల్టులను మాత్రం తేలికగా తీసుకోవద్దు. నీటితో నిండిన 25 లీటర్ల గీజర్ సుమారు 35 కిలోలు తూగుతుంది, అది తల మీద వేలాడుతూ ఉంటుంది. పాత బోల్టులు గోడ లోపల తుప్పు పట్టి ఉబ్బి, చుట్టూ సిమెంటును పగలగొట్టి ఉంటాయి. కొత్త గీజర్‌ను పాత బోల్టులకే తగిలించి వెళ్లిపోతానంటే ఒప్పుకోకండి. పక్కన కొత్త రంధ్రాలు చేయించి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయించండి.

ప్రశ్న: గీజర్ వేసి ఉన్నప్పుడు కుళాయి ముట్టుకుంటే వేళ్లకు సన్నగా జిలజిలమంటోంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే "ఉప్పుగాలికి ఇది మామూలే" అన్నారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, చీరాల)

జవాబు: మామూలు కాదు. ఈ జవాబు చదివిన వెంటనే గీజర్ ఎం.సి.బి.ని (మెయిన్ బోర్డులో ఉండే దాని మీటను) ఆపివేసి, కారణం తేలేవరకు ఇంట్లో ఎవరినీ వాడనివ్వకండి.

ఒకేసారి రెండు లోపాలు ఉంటేనే కుళాయిలో కరెంటు తెలుస్తుంది. కాయిల్ చుట్టూ ఉండే లోహపు తొడుగు సున్నం కింద తినబడి సన్నటి బీట పడి ఉంటుంది, లేదా తీగల కొసల దగ్గర ఉప్పు తడి చేరి ఉంటుంది, ఇది మొదటిది. అలా బయటికి వచ్చిన కరెంటును భూమిలోకి తీసుకుపోవలసిన ఎర్తింగ్ పనిచేయకపోవడం రెండవది. కాయిల్ మార్చినంత మాత్రాన రెండోది అలాగే ఉండిపోతుంది, అసలు ప్రాణాంతకమైనది అదే. తీరప్రాంతపు ఇసుక నేల ఎండాకాలంలో పూర్తిగా ఎండిపోయి కరెంటును తీసుకోదు. తడి ఉన్న చోట ఉప్పు నీరు ఇనుప ఎర్త్ పైపును కొన్నేళ్లకే తినేస్తుంది. పైకి తీగ కనిపిస్తూనే ఉంటుంది, అడుగున పైపు ఉండదు. అందువల్ల ఎర్త్ టెస్టర్‌తో కొలిచే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి, గుంత తవ్వి చూడమనండి.

దానితోపాటు కరెంటు లీకైన వెంటనే సరఫరాను తెంపే 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. ఒకటి తప్పక పెట్టించండి. అది ఎర్తింగ్‌కు బదులు కాదు, తోడు. అది పెట్టిన తరువాత గీజర్ వేసినప్పుడల్లా పడిపోతున్నదంటే అది తన పని చేస్తున్నదని అర్థం. దాన్ని తప్పించి నేరుగా కలపమని ఎవరినీ అడగకండి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 యాంపులు తీసుకుంటుంది కనుక 16 యాంపుల సాకెట్, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టినా, సాకెట్ నల్లబడినా రెండింటినీ మార్చండి. వేడి నీళ్లు పట్టుకునే ముందు గీజర్ ఆపే అలవాటు మంచిదే. ఆ మీట ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ తెంపే డబుల్ పోల్ రకానిదైతే ఆ అలవాటుకు అర్థం ఉంటుంది.

ప్రశ్న: వేడి నీళ్లు మాత్రమే కుళ్లిన గుడ్ల వాసన వేస్తున్నాయి. చన్నీళ్లు బాగానే ఉన్నాయి. ఆనోడ్ రాడ్ తీసేస్తే వాసన పోతుందని మెకానిక్ అంటున్నారు.
(ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: వాసన పోతుంది, ట్యాంకు కూడా పోతుంది. నీటిలోని సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మార్చే సూక్ష్మజీవులు ఉన్నాయి. వాడకుండా వదిలేసిన గీజర్‌లోని గోరువెచ్చని నిలవ నీరు, మెగ్నీషియం కడ్డీ అరిగేటప్పుడు పుట్టే హైడ్రోజన్ వాటికి అనుకూలిస్తాయి. థర్మోస్టాట్‌ను పై హద్దుకు తిప్పి రెండు మూడు గంటలు కాగనిచ్చి, ఆ నీటిని పిల్లలు దగ్గర లేనప్పుడు జాగ్రత్తగా వదిలేయండి. ఈ పని రెండుసార్లు చేయండి. మళ్లీ వాసన వస్తే కడ్డీని తీసివేయకుండా అల్యూమినియం, జింకు కలిసిన రకానికి మార్పించండి. ఫ్లాంజి విప్పిన రోజునే అడుగున చేరిన సున్నం కూడా తీయించండి, కాయిల్‌ను నిమ్మ ఉప్పు నీటిలో నానబెట్టి శుభ్రం చేయవచ్చు. గాజు పూతను మాత్రం ఇనుప ముక్కతో గీకనివ్వవద్దు, తిరిగి బిగించేటప్పుడు పాత గాస్కెట్ వాడనివ్వవద్దు.

ప్రశ్న: గీజర్ పోయింది. ఇక డాబా మీద సోలార్ హీటర్ పెట్టించాలనుకుంటున్నాము. తుఫాన్లకు తట్టుకుంటుందా?
(ఒక పాఠకుడు, భీమునిపట్నం)

జవాబు: బిగించే తీరును బట్టి ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మీ తీరాన్ని ఎలా ఊడ్చివేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇటుకల మీద నిలబెట్టిన స్టాండు అటువంటి గాలికి నిలవదు. జింకు పూత వేసిన స్టాండును శ్లాబులో దించిన బోల్టులతో కట్టించండి, శ్లాబు బోల్టుల చుట్టూ నీరు దిగకుండా పూత వేయించండి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ట్యాంకును ఖాళీ చేయవద్దు. 200 లీటర్ల నీరు 200 కిలోల బరువు, ఆ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది.

మీది బోరు నీరైతే సన్నటి రాగి గొట్టాలు ఉండే పలక రకం సున్నంతో త్వరగా పూడిపోతుంది, గాజు గొట్టాల రకం కొంత మేలు. గాజు గొట్టాలు ఎండలో ఖాళీగా కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు ఎక్కిస్తే పగులుతాయి కాబట్టి మరమ్మతు తరువాత నీరు ఎప్పుడూ ఉదయం పూటే నింపించండి. ఇంకొక సంగతి: మీకు వేడి నీళ్లు మళ్లీ కావలసి వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లోనే వాయుగుండాల వల్ల రోజుల తరబడి మబ్బు పడుతుంది. అందువల్ల పాత గీజర్ ట్యాంకు బాగుండి కాయిల్ మాత్రమే పోయి ఉంటే దాన్ని పారవేయకండి. కాయిల్ మార్పించి, సోలార్ నీరు దాని గుండా వచ్చేలా పైపు కలిపించుకుంటే మబ్బు రోజులకు పనికివస్తుంది. సోలార్ నుంచి దిగే ఆ లైనుకు మామూలు పి.వి.సి. పైపు వాడితే వేడికి మెత్తబడి వంగుతుంది, వేడి నీటికి తగిన సి.పి.వి.సి. పైపే వేయించండి.